మూడో క్లాజులో లేని మనిషి

పోయిన వారం మన శాసనసభ్యురాలిని అక్కగారి ఇంటి మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. వారం రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉంది. ఆమె అక్కడికి ఎందుకు వచ్చిందో కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పి, తలుపు తీయిస్తాను.

చిన్నప్పటి నుంచీ గొంతు పెద్దది కాబట్టి ఊరంతా ఆమెను 'మైకు' అంటారు. ఎదురుపడితే మాత్రం 'మైకమ్మగారూ' అంటారు. ఆరేళ్ళ కిందట, మొదటిసారి గెలిచిన కొత్తలో, ఆమె ఒక బిల్లు తెచ్చింది. స్పృహలో ఉన్న ఆడమనిషి ఒంటి మీద కత్తి పెట్టాలంటే ముందు ఆమెనే అడగాలి, ఆమె సంతకమే చెల్లాలి అన్నది దాని సారం. బిల్లు ప్రవేశపెడుతూ సభలో ఒక కథ చెప్పింది. బిడ్డ దక్కని కాన్పులో, బల్ల మీద మెలకువగా ఉన్న ఒక దర్జీకి ఒక్క మాటైనా చెప్పకుండా గర్భసంచి తీసేశారనీ, కాగితం మీద భర్త సంతకం పెట్టాడనీ, ఇక పిల్లలు పుట్టరన్న సంగతి ఆమెకు నాలుగేళ్ళ తర్వాత వేరే ఊరి డాక్టరు చెబితే తెలిసిందనీ. ఆ రోజు సభలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. మైకు ఆ దర్జీ పేరు చెప్పలేదు. చెప్పనందుకు కొంచెం గర్వపడింది కూడా. కానీ వినేవాళ్ళ కళ్ళకు కట్టాలన్న ఆత్రంలో 'ఎడమచేత్తో గుడ్డ కత్తిరించే దర్జీ' అనేసింది. ఆ ఊళ్ళో ఎడమచేతి దర్జీ ఒక్కతే ఉంది. మైకు సొంత అక్క.

ఆ రోజు నుంచి అక్క మాట్లాడలేదు. ఇప్పుడు బిల్లు ఆఖరి కమిటీ ముందుకు వచ్చింది. ప్రతిపక్షంలో డాక్టరు సభ్యుడు ఒకాయన ఉన్నాడు. 'అది కట్టుకథ. నిజమైతే ఆ మనిషిని చూపించండి, లేదా ఆ పేరాను రికార్డుల్లోంచి కొట్టేయండి' అని ఆయన పట్టుబట్టాడు. విచారణ రేపు పదకొండింటికి. అందుకే మైకు ఆరేళ్ళ తర్వాత అక్క ఇంటి మెట్లెక్కింది.

ఇక తలుపు తీద్దాం.

తీసింది అక్కే. మెడలో టేపు, ఎడమచేతిలో సుద్దముక్క. చెల్లెల్ని పైనుంచి కిందికి చూసింది. మనిషిని కాదు, ఆమె వేసుకున్న నల్లకోటుని.

"భుజం దగ్గర కుట్టు వదులు చేయించావు. ఎవరు చేశారది?"

"నేనే."

"తెలుస్తోంది," అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు. మైకు దాన్నే రమ్మన్నట్టు తీసుకుంది.

ఆ కోటు, మైకు లాయరైన ఏడాది అక్క కుట్టింది. వయసుతో పాటు ఒళ్ళూ వస్తుందని తెలిసిన మనిషి కాబట్టి లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలింది. ఈ ఆరేళ్ళలో మైకు ఆ గుడ్డని రెండుసార్లు విప్పుకుంది. కొత్త కోటు కొనుక్కోలేక కాదు. కొత్తది కొనుక్కుంటే అక్క ఇక తనకేమీ కుట్టదని ఒప్పుకున్నట్టే అవుతుంది. సభలో మంత్రుల్ని నిలదీసే ఈ మనిషి, అద్దం ముందు ఆ పిగులుతున్న కోటు తొడుక్కుంటూ ఎన్ని పొద్దుటిపూటలు అక్క కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుందో నాకు తెలుసు. మీకు చెప్పడానికి ఆమె ఒప్పుకోదు గానీ చెబుతున్నాను.

గది ఏమీ మారలేదు. కిటికీ కింద కటింగు బల్ల, మూలన ఇస్త్రీ పెట్టె, గుడ్డముక్కలు కుక్కిన గోనెసంచి, ట్రయల్ వేసుకోవడానికి తాడుకి వేలాడదీసిన నీలం కర్టెన్. అక్క మిషను ముందు కూర్చుంది. చెల్లెల్ని కూర్చోమనలేదు.

"ఎందుకొచ్చావో తెలుసు. ఆ డాక్టరు అరుపులు టీవీలో విన్నాను. నేను రాను. ఆ మాట మొహం మీద చెప్పడానికే తలుపు తీశాను."

"నువ్వు రానక్కర్లేదక్కా. జరిగింది నిజమేనని ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు."

అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి మైకు రెండడుగులు వెనక్కి వేసింది.

"ఊరందరికీ చెప్పేసి, ఆరేళ్ళయ్యాక సంతకం అడగడానికొచ్చావా? ముందు అడగాలి, తర్వాత చెయ్యాలి అనే కదే నీ చట్టం?"

"పేరు చెప్పలేదు కదక్కా..."

"పేరొక్కటే చెప్పలేదు. నువ్వు మాట్లాడిన మర్నాడు ఒకమ్మాయి కూతురితో వచ్చింది, గౌను కొలతలకి. ఆ పిల్ల కర్టెన్ వెనకాల నుంచి తల్లినడుగుతోంది. 'అమ్మా, లోపల ఏమీ లేనావిడ ఈవిడేనా?' అని. నేను కర్టెన్‌కి ఇవతల టేపు పట్టుకుని నిలబడున్నాను. ఆ తల్లి ఉష్ అంది చూడు, ఆ 'ఉష్' ఇంకా నా చెవుల్లోనే ఉంది."

 తప్పయిపోయిందని చెప్పడానికి మైకు దారి పొడుగునా ఎన్నో వాక్యాలు కూడబలుక్కుంది. కారు దిగేసరికి సగం మర్చిపోయింది, అక్క గొంతు వినగానే మిగిలిన సగం పోయింది. 'ఏమే', 'నువ్వు' అని అక్క అంటుంటే చాలు అనిపిస్తోంది. తిడుతున్నా సరే, ఇంకాసేపు తిట్టాలని ఉంది.

"ఏం, గొంతు పడిపోయిందా మైకు గారికి?" అంటూ అక్క మిషను సొరుగు లాగి, పిన్ను కొట్టిన నాలుగు కాగితాలు తీసింది. బిల్లు ప్రతి. జిరాక్సు షాపులో తీయించుకున్నట్టుంది. అంచుల నిండా సుద్ద మరకలు. "నీ బిల్లు చదివాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడో క్లాజు చదవనా?"

చదివింది. బడిపిల్లల్లా ఒక్కో మాటా వేలు పెట్టి చదివింది.

"'స్త్రీ స్పృహలో ఉన్నప్పుడు ఆమె సంతకానికి బదులుగా భర్త, తల్లిదండ్రులు, అత్తమామలు, సంతానం, వీరిలో ఎవరి సంతకమూ చెల్లదు.' బాగుంది. అందరినీ పట్టుకున్నావు. ఒక మనిషి తగ్గింది."

"ఎవరక్కా?"

"తోడబుట్టినవాళ్ళు."

మైకు తడుముకుంది. "అంటే... మామూలుగా ఆస్పత్రుల్లో వాళ్ళ సంతకం అడగరు కదా, అందుకని..."

"అడగరా?"

అక్క సొరుగులో చెయ్యి మళ్ళీ పెట్టింది. ఈసారి వచ్చింది ఆస్పత్రి ఫైలు. అట్ట పసుపెక్కి, మూలలు అరిగిపోయి ఉంది. మధ్యలో ఒక పేజీ తెరిచి కటింగు బల్ల మీద పెట్టి, ఇటు తిప్పింది.

గర్భసంచి తొలగింపునకు అంగీకారము. కింద రోగి సంతకం అన్న చోట ఖాళీ. దాని కింద బంధువు సంతకం. పెద్ద పెద్ద అక్షరాలు, అడుగున వంకర గీత, గీత కింద రెండు చుక్కలు. పంతొమ్మిదేళ్ళప్పుడు మైకు కాలేజీలో కొత్తగా నేర్చుకుని, పుస్తకాల అట్టల మీదా బస్సు టిక్కెట్ల మీదా పెట్టుకుంటూ మురిసిపోయిన సంతకం అది.

మైకు బల్ల అంచు పట్టుకుంది. ఆస్పత్రి వరండా, చేతికి ప్యాడు ఇచ్చి తొందరపెట్టిన నర్సు, ఇక్కడొకటి, ఇక్కడొకటి అని చూపించిన వేలు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

"రక్తం కోసం అన్నారక్కా. నాలుగు చోట్ల పెట్టమన్నారు. రక్తం కోసమే అనుకున్నాను."

"అయ్యుండొచ్చు. నీకూ సరిగ్గా చెప్పుండరు. నువ్వూ పిల్లవే అప్పుడు." అక్క గొంతు మొదటిసారి మెత్తబడింది. "తలుపుకి అవతల నువ్వు, ఇవతల నేను. నాకు నడుముకి సూది వేశారు గానీ స్పృహ బాగానే ఉంది. గోడ మీద గడియారం చూస్తూ పడుకున్నాను. ఆ కాగితం నా కాళ్ళ పక్క నుంచే బయటికెళ్ళి, నా కాళ్ళ పక్క నుంచే లోపలికొచ్చింది. నా మొహం దాకా రాలేదు. తియ్యకపోతే చచ్చిపోయేదాన్నేమో. అడిగుంటే నేనే సరే అనేదాన్నేమో. కనీసం ఏడ్చేదాన్ని కదే, ఆ రోజే. ముట్టు ఆగితే నీరసమన్న డాక్టర్ల చుట్టూ నాలుగేళ్ళు తిరిగి, ఇంకో బిడ్డ కోసం ఎదురుచూసి, ఆ తర్వాత కాదు."

"నీకిది ఎప్పటి నుంచి తెలుసు?"

"ఫైలు తెచ్చుకున్న రోజు నుంచి. నువ్వు లా పరీక్షలు రాస్తున్నావు."

"మరి చెప్పలేదేం?"

"పరీక్షలు రాస్తున్నావని."

"తర్వాతైనా?"

"తర్వాత ఉద్యోగం. తర్వాత ఎలక్షన్లు. నీకెప్పుడూ ఏదో ఒక పరీక్షే కదా."

ఇదీ అక్క. పంతొమ్మిదేళ్ళు మిషను సొరుగులో ఆ కాగితం పెట్టుకుని, ఆ మిషను మీదే చెల్లెలికి కోటు కుట్టిన మనిషి. మైకు ఏడ్చింది. నాయకురాలు ఏడ్చినట్టు కాదు, ముక్కు చీదుకుంటూ, మామూలుగా ఏడ్చింది.

"నీ మీద కోపం సంతకం పెట్టినందుకు కాదు," అంది అక్క. "దానికి నీ మీద నాకెప్పుడూ కోపం రాలేదు. నా కథలో నువ్వున్నావు. అంత పెద్ద సభలో నిలబడి, నువ్వు లేనట్టు చెప్పావు. నీ చోట మీ బావని నిలబెట్టావు."

"బావే పెట్టాడనుకున్నాను."

"అనుకున్నావా, అలా అనుకుంటే హాయిగా ఉందా?"

మైకు ఫైలు మూయబోయి, మళ్ళీ తెరిచే ఉంచింది. 

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. బావ. టౌను బస్సు డ్రైవరు, పొద్దుటి డ్యూటీ దిగి వచ్చాడు. మరదల్ని చూడగానే పాత అలవాటు ఊరుకోనివ్వలేదు.

"ఓహో, మైకు గారా! వీధిలో కారు చూసి రోడ్డెయ్యడానికొచ్చారేమో అనుకున్నాను. ఏమోయ్, చిక్కిపోయావు. సభలో తిండి పెట్టట్లేదా?"

ఎవరూ నవ్వలేదు. బల్ల మీద తెరిచి ఉన్న ఫైలు చూశాడు. టోపీ తీసి మేకుకి తగిలించాడు.

"ఆ రోజు నువ్వు అక్కడ లేవు కదూ బావా?" అడిగింది మైకు.

"రక్తం దొరకలేదని పక్క ఊరికి పంపారు. నేనొచ్చేసరికి అంతా అయిపోయింది."

"మరి ఇన్నాళ్ళూ... ఊరంతా నిన్ను..."

"అన్నారు. ఎందుకనరు? ఒకావిడ నా బస్సెక్కి, నన్ను చూసి, తర్వాతి స్టాపులో దిగిపోయింది. నీలాంటివాడు నడిపే బస్సు ఎక్కనంది." సీటు మీద దుమ్ము దులుపుతున్నట్టు ప్యాంటు దులుపుకున్నాడు. "నేను పెట్టలేదంటే, మరెవరు పెట్టారని అడుగుతారు కదోయ్. అప్పుడు ఏం చెప్పను?"

ఇలాంటి బావ ఉన్నందుకు సంతోషించాలో, ఇలాంటి బావని ఊరి నోట్లో పడేసినందుకు సిగ్గుతో చావాలో మైకుకి తెలియలేదు. రెండూ ఒకేసారి చేసింది.

"నేనేం చెయ్యాలక్కా? చెప్పు."

"ఆ పేరా తీసేయించు. నాకు కావల్సింది అంతే."

"అది తీసేస్తే కట్టుకథేనని ఒప్పుకున్నట్టవుతుంది. బిల్లు పోతుంది."

"నీ బిల్లు సంగతి నువ్వు చూసుకో. నా సంగతి నేనడిగాను."

అక్క పెడల్ తొక్కింది. మిషను చప్పుడుతో గది నిండిపోయింది. మైకు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "వస్తానక్కా," అంది. వెళ్ళిరా అంటుందేమోనని ఒక్క క్షణం ఆగింది. మిషను ఆగలేదు.

మర్నాడు పదకొండింటికి కమిటీ గది కిక్కిరిసిపోయింది. గోడ వార బెంచీల మీద పాతికమంది ఆడవాళ్ళు ఉన్నారు. నర్సులు, రొట్టెల ఫ్యాక్టరీ కార్మికులు, చంటిబిడ్డతో ఒక టీచరు. మైకు లోపలికి వెళుతుంటే ఫ్యాక్టరీ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మూడో క్లాజు ఉంటుంది కదమ్మా? నా కూతురికి ఎనిమిదో నెల. వాళ్ళ అత్తగారు ఇప్పటి నుంచే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించేద్దాం, సంతకం నేను పెడతాను అంటోంది."

"ఉంటుందమ్మా," అంది మైకు. ఆ మాట ఏ ధైర్యంతో అన్నదో ఆమెకే తెలియదు.

టీవీ కెమెరాలు వెలిగాయి. డాక్టరు సభ్యుడు లేచి, "ఆ దర్జీని తీసుకొచ్చారా?" అన్నాడు.

మైకు నిలబడింది. "లేదు. ఆ పేరాని నేనే వెనక్కి తీసుకుంటున్నాను."

గదంతా కలకలం రేగింది. డాక్టరు గెలిచినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకొకటి," అంది మైకు. "మూడో క్లాజులో ఒక మాట చేర్చాలని కోరుతున్నాను. తోడబుట్టినవారు."

"ఎందుకండీ ఈ కొసరు?" అన్నాడు డాక్టరు. "చెల్లెలు సంతకం పెడుతుందా ఎక్కడైనా?"

"పెడుతుంది. నేను పెట్టాను. పంతొమ్మిదేళ్ళప్పుడు, చదవకుండా, ఒక ఆస్పత్రి వరండాలో. లోపల మనిషి మెలకువగా ఉంది. ఆమెని అడగండి అని నేను అనలేదు. నాకు తోచలేదు. ఆరేళ్ళ కిందట సభలో భర్త పెట్టాడని చెప్పాను. భర్త ఆ ఊళ్ళోనే లేడు. పెట్టింది నేను."

"ఎవరా లోపలి మనిషి?"

"అది నేను చెప్పను. ఆవిడ్ని అడగలేదు."

కమిటీ చైర్మన్ పెద్దాయన. నలభై ఏళ్ళుగా చట్టసభల్లో ఉన్నవాడు, మైకుని కూతురిలా చూసేవాడు. ఆయన కళ్ళజోడు తీసి, సమావేశాన్ని రెండు గంటల దాకా ఆపి, ఆమెను పక్క గదికి పిలిచాడు.

"ఎంత పని చేశావమ్మా. సభకి తప్పు చెప్పానని నోటితో ఒప్పుకున్నావు. నిబంధనలు నీకు తెలుసు. ఆ విషయం తేలేదాకా నువ్వు తెచ్చిన బిల్లు పక్కన పెట్టాల్సిందే. సమావేశాలు ఇవాళ్టితో ఆఖరు. అంటే బిల్లు చచ్చినట్టే. నీ సభ్యత్వం సంగతి తర్వాత."

"తెలుసండీ."

"ఒక్కటే దారి." ఆయన ఒక కాగితం ముందుకి జరిపాడు. "దిద్దుబాటు పత్రం. సభ్యులు మాట జారితే ఇచ్చేది. అలసటలో పొరపాటుగా మాట్లాడాను, ఆరేళ్ళ కిందట చెప్పిందే సరైనది అని రాసి ఉంది. రెండింటి లోపు సంతకం పెడితే ఓటింగు పెట్టిస్తాను. ఓట్లు మనకున్నాయి. సాయంత్రానికి నీ మూడో క్లాజు చట్టం. నువ్వు ఒక్క మనిషి గురించి ఆలోచిస్తున్నావు. ఆ బెంచీల మీద వాళ్ళ గురించి కూడా ఆలోచించు."

ఆయన వెళ్ళిపోయాడు. కాగితాన్ని కనిపెట్టుకుని ఉండమని గుమాస్తాని గుమ్మంలో నిలబెట్టి వెళ్ళాడు.

మైకు ఆ కాగితాన్ని చదివింది. ఈసారి ప్రతి అక్షరం చదివింది. సంతకం పెడితే ఫ్యాక్టరీ ఆవిడ కూతురు బతుకుతుంది, తన మాట తను పలికే హక్కుతో. అక్క కథ రికార్డుల్లో ఎప్పటికీ ఉండిపోతుంది, బావ ఎప్పటికీ దోషిగా ఉండిపోతాడు, అక్క తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకోదు. పెట్టకపోతే ఆ తలుపు తెరుచుకుంటుందన్న నమ్మకం మాత్రం ఏముంది? అక్క వెళ్ళిరా అని కూడా అనలేదు. అయినా మనసు అక్కడికే పోతోంది. ఆ కటింగు బల్ల పక్కన నేల మీద కూర్చుని, గుడ్డముక్కలు ఏరి సంచిలో వేస్తూ, అక్క ఏదో ఒకటి అంటుంటే వింటూ ఉండిపోవాలని ఉంది. నలభై రెండేళ్ళ మనిషికి ఆ క్షణంలో అంతకన్నా పెద్ద కోరిక ఏదీ లేదు.

రెండుకి ఇంకా పది నిమిషాలుందనగా ఫోను మోగింది. తెర మీద అక్క అని పడింది. ఆరేళ్ళుగా పడని మాట. తీయబోతే ఫోను రెండుసార్లు జారింది.

"అక్కా..."

"తిన్నావా?"

మైకు ముక్కు చీదుకుంది.

"తినలేదన్నమాట. టీవీలో చూశాను. మొహం పీక్కుపోయింది." వెనకాల ఇంజను చప్పుడు, ఎవరో టిక్కెట్టు టిక్కెట్టు అంటున్నారు. "ఏమే, వింటున్నావా?"

"వింటున్నానక్కా."

"నువ్వు చెప్పింది నీ కథ. బాగానే చెప్పావు. నాది నేను చెప్పుకుంటాను. నీ పేరు బయటపడకూడదని మీ బావ ఊరుకున్నాడు గానీ, ఆయన పేరు కడగాల్సింది నేనే. బస్సెక్కాను. నాలుగింటికల్లా అక్కడుంటాను."

"రెండింటికే అక్కా! రెండింటి లోపు..."

"ఏమో, బస్సు దాని వేగమే వెళుతుంది. నాకు తెలిసింది ఒక్కటే. వాళ్ళు నీ ముందు కాగితం పెట్టుంటారు. తొందర తొందర అంటుంటారు. ఈసారి నేను వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. సరేనా? ముందేదైనా తిను."

ఫోను ఆగిపోయింది. మైకు దాన్ని చెవి దగ్గర నుంచి తియ్యలేదు. అక్క వస్తోంది. ఆరేళ్ళ తర్వాత అక్క తన దగ్గరికి వస్తోంది. ఆ సంతోషం ఒంట్లో పట్టడం లేదు.

గుమాస్తా గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి వేసి, పెన్ను మూత తీసి, ఆమె ముందుకు చాపాడు.

"మేడమ్, రెండు కావస్తోంది. అక్కడ బెంచీల మీద వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. సంతకం ఇక్కడ పెట్టాలి. త్వరగా, మేడమ్."